అలివేలు వద్దన్న కుర్చీ

పిల్లలూ, అందరూ వచ్చారా? కాళ్ళు ముడుచుకుని కూర్చోండి, వెనకవాళ్ళకి కాస్త చోటివ్వండి. ఇవాళ చెప్పేది అడవి కథ కాదు, సముద్రం కథ.

అనగనగా కరీబియన్ సముద్రంలో ఒక చిన్న దీవి. అది మనకి ఎంత దూరమంటే, మనం ఇక్కడ నిద్ర లేచి పళ్ళు తోముకునే వేళకి అక్కడివాళ్ళు పక్కలు పరుచుకుంటూ ఉంటారు. దీవి మధ్యలో ఒక కొండ ఉంది. కొండ మీద మేకలు ఉండేవి. ఒడ్డున చెట్ల మీద గూడబాతులూ, రకరకాల పక్షులూ ఉండేవి. ఒక పక్కన చిత్తడి నేల, అందులో పీతలు. ఇంకో పక్కన చెరుకు తోటలు, వాటిలో ముంగిసలు.

గూడబాతుని మీరెప్పుడైనా చూశారా? పెద్ద పక్షి. బారెడు ముక్కు. ఆ ముక్కు కింద సంచిలాగా వేలాడే చర్మం. నీళ్ళలో ఒక్క మునక వేసిందంటే సంచి నిండా చేపలే.

చాలాకాలం ఆ దీవిని ముంగిసలే ఏలాయి. వాళ్ళ నాయకుడి పేరు మెత్తయ్య. పేరుకి తగ్గట్టే మాట వెన్నలా ఉండేది. కానీ అతని ఏలుబడిలో పక్షుల గూళ్ళలో గుడ్లు మాయమైపోయేవి. తల్లులు ఏడుస్తూ వెళ్ళి అడిగితే, "అయ్యో తల్లీ, విచారణ జరిపిస్తున్నాం" అనేవాడు మెత్తయ్య, మూతి తుడుచుకుంటూ.

చివరికి జంతువులన్నీ విసిగిపోయాయి. ఎన్నికలు వచ్చాయి. ఎవరికి నచ్చినవాళ్ళ ముందు వాళ్ళు ఒక గవ్వ పెట్టారు. లెక్క చూస్తే ఎవరికీ సగం దాటలేదు. ముంగిసలకీ లేదు, మేకలకీ లేదు, పక్షులకీ లేదు, పీతల సంగతి సరేసరి.

అప్పుడు మేకలూ, పక్షులూ, పీతలూ కలిసి ఒక మాట అనుకున్నాయి. "విడివిడిగా ఉంటే మెత్తయ్యే మళ్ళీ వస్తాడు. మనం ముగ్గురం కలిసి నడుపుదాం" అనుకున్నాయి. దాన్నే సంకీర్ణ ప్రభుత్వం అంటారు. పెద్ద మాటలా ఉంది కదూ? ఏం లేదు, ఒకే బండిని ముగ్గురు కలిసి లాగడం. ఒకరు వదిలేస్తే బండి ఆగిపోతుంది.

మేకపోతు గట్టయ్య ప్రధానమంత్రి అయ్యాడు. గూడబాతు అలివేలు ఒడ్డు సంగతులు చూసే మంత్రి అయింది. పీతల పెద్ద అడ్డప్ప చిత్తడి నేలకి మంత్రి అయ్యాడు. రోజూ పొద్దున కొండ దిగువన బల్లపరుపు రాయి మీద మంత్రివర్గం కూర్చునేది.

కూర్చోవడం అంటే కూర్చోవడమే. పని మాత్రం నత్తనడక నడిచేది. ఎందుకంటే అలివేలుకీ గట్టయ్యకీ క్షణం పడేది కాదు.

"అలివేలమ్మా, నువ్వు కాస్త గాలికి అవతలి పక్కన కూర్చో. చేపల వాసనకి నాకు తల తిరుగుతోంది" అనేవాడు గట్టయ్య.

"మీ మేకలేమో అత్తరు పూసుకుని తిరుగుతున్నాయా అన్నా?" అనేది అలివేలు.

అడ్డప్ప మధ్యలోకి వచ్చేవాడు. పీత కదా, నేరుగా రాడు, అడ్డంగా వచ్చేవాడు. "ఆయన చెప్పిందీ నిజమే, ఆవిడ చెప్పిందీ నిజమే" అనేవాడు. దాంతో ఇద్దరికీ ఆయన మీద కోపం వచ్చేది.

అలివేలుకి మనసులో ఒక ముల్లు ఉండేది. ఒడ్డున చెట్లు బలహీనపడ్డాయి. గాలివాన వస్తే పక్షి పిల్లలు తల దాచుకోవడానికి గట్టి చోటు కావాలి. ఆ మాట ఆమె మంత్రివర్గంలో అడుగుతూనే ఉంది. గట్టయ్య ప్రతిసారీ, "చూద్దాం, వచ్చే నెల చూద్దాం" అనేవాడు.

'కొండ మీద కూర్చున్నవాడికి ఒడ్డు బాధ ఏం తెలుస్తుంది?' అనుకునేది అలివేలు. ఆ ఏడాది ఆమెకి కొత్తగా ముగ్గురు పిల్లలు. ఇంకా రెక్కలు రాలేదు. గూట్లో నోళ్ళు తెరుచుకుని కూర్చునేవారు.

ఒకరోజు పొద్దున్నే సముద్రం రంగు మారిపోయింది. నీలంగా ఉండేది కాస్తా సీసంలా అయింది. గాలి మొదట ఈల వేసింది, తరవాత అరిచింది. మధ్యాహ్నానికల్లా గాలివాన దీవిని పట్టేసుకుంది. ఒడ్డున చెట్లు వేళ్ళతో సహా లేచిపోతున్నాయి. అలలు గూళ్ళ దాకా వచ్చాయి.

అలివేలు తన ముగ్గురు పిల్లల్నీ ముక్కు సంచిలో వేసుకుంది. మిగతా తల్లులు కూడా పిల్లల్ని నోట కరుచుకున్నాయి. గాలికి ఎగరడం కుదరదు. అందుకని నడుచుకుంటూ, జారుతూ, పడుతూ కొండెక్కాయి.

కొండ మీద మేకలకి ఒక పెద్ద గుహ ఉంది. దాని నోటికి అడ్డంగా ముళ్ళకంప కట్టి ఉంది. లోపల మేకలన్నీ వెచ్చగా ఉన్నాయి. వెనకవైపు వాళ్ళు ఏడాదంతా కోసి దాచుకున్న ఎండుగడ్డి ఉంది.

అలివేలు కంప ముందు నిలబడింది. పిల్లల్ని కింద దింపి, "అన్నా! పిల్లలున్నారు. కాస్త చోటివ్వండి!" అని అరిచింది.

లోపలనించి పాలవ్వ గొంతు వినపడింది. పాలవ్వ మేకల్లో అందరికంటే పెద్దది. ఆమె మాటంటే మేకలకి గురి. "గట్టయ్యా, తియ్యొద్దు! తడిసిన పక్షులు లోపలికొస్తే గడ్డి అంతా తడిసి కుళ్ళిపోతుంది. గాలివాన పోయాక మన పిల్లలు ఏం తింటారు? ఆ కంప తీశావో, నువ్వు మా నాయకుడివి కాదు!"

"అవును, కాదు!" అని ఇంకొన్ని మేకలు అరిచాయి.

గట్టయ్య కంప వెనక నిలబడి ఉన్నాడు. ముళ్ళ సందుల్లోంచి అలివేలుకి అతని కళ్ళు కనిపించాయి. 'ఇప్పుడు కూడా వచ్చే నెల చూద్దాం అంటాడు' అనుకుంది ఆమె. కాళ్ళ దగ్గర పిల్లలు వణుకుతున్నాయి.

గట్టయ్య తల వంచాడు. కొమ్ములు కంపలోకి దూర్చి ఒక్క గుంజు గుంజాడు. కంప పక్కకి పడింది.

"రండి, రండి! చిన్నపిల్లలు ముందు!" అన్నాడు.

పక్షులన్నీ లోపలికి దూరాయి. గడ్డి మీదకే వెళ్ళాయి పాపం, అక్కడే వెచ్చగా ఉంది. కంప లేదు కనక గాలి తిన్నగా గుహలోకి కొట్టసాగింది. గట్టయ్య వెళ్ళి గుహ నోటికి అడ్డంగా నిలబడ్డాడు. గాలివాన ఉన్నంతసేపూ కదల్లేదు. ఎక్కడినించో ఎగిరొచ్చిన కొమ్మ తగిలి అతని ఎడమ కొమ్ము విరిగింది. అయినా కదల్లేదు.

గాలివాన వెలిసింది. పిల్లలన్నీ బతికాయి. పక్షి పిల్లలూ, మేక పిల్లలూ.

కానీ బయటికొచ్చి చూస్తే ఏముంది? ఒడ్డున ఒక్క చెట్టు నిలవలేదు. ఉప్పునీళ్ళ తుంపర కొట్టి కొండ మీద గడ్డి మాడిపోయింది. గుహలో దాచిన గడ్డి పాలవ్వ చెప్పినట్టే తడిసి, రెట్టలతో పాడైపోయింది. మేక పిల్లలు ఆకలికి మే మే అని ఏడ్చాయి.

పాలవ్వ కోపం తప్పని అనలేం. ఆకలేసిన పిల్లల్ని చూస్తే ఏ అవ్వకైనా కోపం వస్తుంది.

సరిగ్గా అప్పుడే మెత్తయ్య కొండెక్కి వచ్చాడు. "అవ్వా, మా తోటల్లో చెరుకు ఆకు కావలసినంత ఉంది. మీ పిల్లలకి పంపిస్తాను. ఆ గట్టయ్యని మాత్రం దించెయ్యండి" అన్నాడు.

పాలవ్వా, సగం మేకలూ అతని వైపు వెళ్ళిపోయాయి. మెత్తయ్య అవిశ్వాసం పెట్టాడు. అంటే, 'ఈ ప్రధానమంత్రి మాకొద్దు, మళ్ళీ గవ్వలు పెట్టండి' అని అడగడం. ఇంక అంతా పక్షుల చేతిలో ఉంది. పక్షులు ఎటు మొగ్గితే వాళ్ళదే ప్రభుత్వం.

అందుకని మెత్తయ్య అలివేలు దగ్గరికి వచ్చాడు.

మొదటిసారి వచ్చి, "అలివేలమ్మా, దక్షిణం వైపు చేపల మడుగు ఉంది చూశావా, అది మీ గూడబాతులకే రాసిచ్చేస్తాను. మా వైపు వచ్చెయ్యి" అన్నాడు.

"చేపలు పట్టుకోవడం మాకు వచ్చు బాబూ" అంది అలివేలు.

రెండోసారి వచ్చి, "ఒడ్డంతా కొత్త చెట్లు నాటిస్తాను, గట్టి చోటూ కట్టిస్తాను. నువ్వు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నావుగా? గట్టయ్య చేశాడా? నేను చేస్తాను" అన్నాడు.

ఈసారి అలివేలు కాదనలేదు. "ఆలోచిస్తాను" అంది.

మూడోసారి మెత్తయ్య ఇంకా మెత్తగా మాట్లాడాడు. "నాకు పదవి వద్దమ్మా. నువ్వే ప్రధానమంత్రివి. ఈ దీవిలో ఇంతవరకూ ఒక పక్షి ఆ కుర్చీలో కూర్చోలేదు. నువ్వు కూర్చో. మేం వెనక నిలబడతాం."

అలివేలుకి ఆశ పుట్టలేదని అబద్ధం చెప్పను. పుట్టింది. కుర్చీ దొరికితే తన వాళ్ళకి ఎంత మంచి చెయ్యొచ్చు! పైగా గట్టయ్య ఆమెకి ఏం చుట్టమని? రోజూ పోట్లాడేవాడు. పక్షులన్నీ చుట్టూ చేరి, "ఒప్పుకో అక్కా, ఒప్పుకో!" అని గోల పెట్టాయి.

"రేపు చెబుతాను" అంది అలివేలు.

ఆ సాయంత్రం ఆమె కొండ మీదికి వెళ్ళింది. ఇంకా ఒడ్డున చెట్లు లేవు కనక పక్షి పిల్లలు గుహలోనే ఉంటున్నాయి. తల్లులు చేపలకి వెళ్ళినప్పుడు వాటిని ఎవరు చూస్తున్నారో అలివేలు ఎప్పుడూ ఆలోచించలేదు.

గుహ ముందు గట్టయ్య పడుకుని ఉన్నాడు. అతని వీపు మీద అలివేలు చిన్నపిల్ల నిద్రపోతోంది. మిగతా ఇద్దరూ అతని గడ్డం పట్టుకుని లాగుతున్నారు. గట్టయ్య డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. అతని ముందు కాస్త ఎండు ఆకు ఉంది. దాన్ని ముక్కుతో ఒక మేక పిల్ల వైపు తోస్తున్నాడు.

అలివేలు చాలాసేపు అలాగే చూసింది. తరవాత అడిగింది.

"అన్నా, మెత్తయ్య నా దగ్గరికి వస్తున్నాడని నీకు తెలుసా?"

"తెలుసు. అడ్డప్ప చెప్పాడు."

"మరి నువ్వెందుకు రాలేదు? నాకు గవ్వ వెయ్యి అని ఎందుకు అడగలేదు?"

గట్టయ్య వీపు కదలకుండా తల మాత్రం తిప్పాడు, పిల్ల లేస్తుందని.

"అడిగితే, ఆ రోజు కంప తీసింది ఇందుకేనా అని నీకు అనిపిస్తుందమ్మా. ఇందుకు కాదు" అన్నాడు. "ఒడ్డున గట్టి చోటు కట్టాలని నువ్వు ముందే అడిగావు. నేను చూద్దాం చూద్దాం అంటూ పోయాను. అప్పుడే కట్టి ఉంటే నువ్వు వానలో నా గుమ్మం ముందు నిలబడాల్సిన పని ఉండేది కాదు. నువ్వు ఎటు వెళ్ళినా నేనేమీ అనుకోను" అన్నాడు.

అలివేలుకి ఒక్కసారిగా ఒక విషయం గుర్తొచ్చింది. గాలివాన వెలిసిన రోజునించీ ఇప్పటిదాకా తను ఇతనికి ఒక్క మంచి మాట చెప్పలేదు. కొమ్ము ఎలా ఉందని కూడా అడగలేదు.

"కొమ్ము నొప్పిగా ఉందా అన్నా?" అంది.

"తుమ్మినప్పుడు" అన్నాడు గట్టయ్య.

అలివేలుకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆమె గబగబా కొండ దిగి పక్షులన్నిట్నీ పిలిచింది.

"నాకు ఆ కుర్చీ వద్దు" అంది.

పక్షులు గగ్గోలు పెట్టాయి. "పిచ్చా నీకు? చేతిదాకా వచ్చిన పదవి! మన చెట్లు? మన పిల్లలు?"

"మన పిల్లలా? మన పిల్లలు ఎవరి గడ్డి మీద పడుకుని బతికారు?" అంది అలివేలు. "మనకి చోటిచ్చినందుకే ఆయన పదవి పోయేలా ఉంది. మనకి చోటిచ్చినందుకే ఆ మేక పిల్లలు పస్తులున్నాయి. మనం మాత్రం ఒడ్డున కూర్చుని, కడుపు నిండా తిని, ఎవరు ఏం ఇస్తారా అని బేరాలు వింటున్నాం. నాకు సిగ్గుగా ఉంది. మీకు లేదా?"

ఒక ముసలి గూడబాతు మెల్లిగా అడిగింది. "అయితే ఏం చేద్దామంటావు?"

"తూర్పున చిన్న దిబ్బ ఉంది కదా, మనం చేపలకి వెళ్ళే దారిలో. గాలివాన దాన్ని తాకలేదు. అక్కడ పచ్చగడ్డి మోకాలెత్తున ఉంది. మేకలు సముద్రం దాటి వెళ్ళలేవు. మనం వెళ్ళగలం."

తెల్లారేసరికి ఆకాశమంతా రెక్కలు. గూడబాతులు గడ్డిని ముక్కులతో తెంపి సంచుల్లో కుక్కుకున్నాయి. చిన్న పక్షులు ఒక్కొక్క పరక కరుచుకున్నాయి. దిబ్బకీ దీవికీ మధ్య తిరిగాయి, మళ్ళీ తిరిగాయి. గుహ ముందు పచ్చటి కుప్ప పెరిగింది.

మేక పిల్లలు పరిగెత్తుకొచ్చి మూతులు పెట్టాయి. గడ్డి చేపల కంపు కొడుతోంది. ముక్కులు చిట్లించుకున్నాయి గానీ, ఒక్కటి కూడా తినడం ఆపలేదు.

మెత్తయ్య పంపిస్తానన్న చెరుకు ఆకు మాటేమయిందంటారా? ఒక చిన్న మోపు పంపి, "మిగతాది గవ్వలు పెట్టాక" అన్నాడు.

పాలవ్వ కర్రలా నిటారుగా వచ్చి నిలబడింది. "ఇదంతా దేనికి? మా గవ్వలకా?" అంది అనుమానంగా.

"కాదు అవ్వా" అంది అలివేలు. "మీ గడ్డి మా వల్ల పాడైంది. మా పిల్లలు మీ వల్ల బతికారు. ఈ మాట ముందే వచ్చి చెప్పాల్సింది, చెప్పలేదు. గవ్వ మీ ఇష్టం, ఎవరికి కావాలంటే వాళ్ళకి పెట్టుకోండి. మెత్తయ్యకి పెట్టినా రేపు గడ్డి తెస్తాం, ఎల్లుండి కూడా తెస్తాం. మీ కొండ మళ్ళీ పచ్చబడేదాకా తెస్తాం."

పాలవ్వ ఒక పరక తీసుకుని చాలాసేపు నమిలింది.

గవ్వలు పెట్టే రోజు వచ్చింది. బల్లపరుపు రాయి చుట్టూ దీవి అంతా చేరింది. మెత్తయ్య లేచి ఎంతో చక్కగా మాట్లాడాడు. తరవాత అలివేలు లేచింది. ఆమెకి పెద్దగా మాట్లాడడం రాదు.

"గట్టయ్యన్న నాతో రోజూ పోట్లాడతాడు. అడిగిన పని ఆలస్యం చేస్తాడు. అది చెప్పకుండా ఉండను" అంది. మేకలు నవ్వాయి. "కానీ ఆ రోజు ముళ్ళకంప తీస్తే పదవి పోతుందని ఆయనకి తెలుసు. తెలిసే తీశాడు. నా ముగ్గురు పిల్లలు ఇవాళ ఊపిరి పీలుస్తున్నారంటే అది ఆయన చలవే. అన్నా, నీ మేలు మరిచిపోను."

అంతే చెప్పి, తన గవ్వ తీసుకెళ్ళి గట్టయ్య ముందు పెట్టింది. పక్షులన్నీ ఆమె వెనకే వెళ్ళాయి. అడ్డప్ప, అతని పీతలూ అడ్డంగా నడుస్తూ వెళ్ళారు. ఎటు వెళుతున్నారో తెలియక మెత్తయ్య కాసేపు ఆశపడ్డాడు. చివరికి వాళ్ళూ గట్టయ్య దగ్గరే ఆగారు.

కొన్ని మేకలు మెత్తయ్య వైపే ఉండిపోయాయి. కానీ పాలవ్వ మెల్లిగా లేచి వచ్చి గట్టయ్య ముందు గవ్వ పడేసింది. "నీ మీద కోపం పోలేదురా" అంది. ఆమె వెనక ఇంకొందరు వచ్చారు. సగం కంటే కాస్త ఎక్కువ గవ్వలతో ప్రభుత్వం నిలబడింది. మెత్తయ్య తన తోటల్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తరవాత కూర్చున్న మొదటి మంత్రివర్గంలోనే గట్టయ్య, "ఒడ్డున గట్టి చోటు కట్టే పని ఇవాళే మొదలుపెడదాం" అన్నాడు. అలివేలు, "మేకలకి గడ్డి దాచడానికి ఇంకో గుహ కూడా చూడాలి" అంది. అడ్డప్పకి ఈసారి మధ్యలోకి వచ్చే పని పడలేదు. కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా.

కొన్నాళ్ళకి కొండ మీద పక్షి పిల్లలకి రెక్కలు వచ్చాయి. ఒక తెల్లటి ఉదయాన అవి కొండ అంచున వరసగా నిలబడ్డాయి. కింద సముద్రం. అలివేలు పిల్లల్లో మొదటి ఇద్దరూ దూకి ఎగిరిపోయారు. చిన్నపిల్ల మాత్రం భయపడి నిలబడిపోయింది. ముందుకి వెళుతుంది, వెనక్కి వస్తుంది.

అప్పుడు వెనకనించి ఒక బొంగురు గొంతు వినిపించింది. "రెక్కలు బాగా విప్పవే పిచ్చిదానా! గాలి మీద వాలిపో! నేనున్నాగా!" అది పాలవ్వ. మేకకి ఎగరడం సంగతి ఏం తెలుసని మాత్రం అడక్కండి.

చిన్నపిల్ల కళ్ళు మూసుకుని దూకింది. ఒక్క క్షణం రాయిలా పడింది. తరవాత రెక్కలు విచ్చుకున్నాయి. గాలి ఎత్తుకుంది. కొండ మీద మేకలన్నీ, ఆ రోజు మెత్తయ్యకి గవ్వ వేసినవాళ్ళు కూడా, గంతులేస్తూ అరిచాయి.

అలివేలు గట్టయ్య పక్కన నిలబడి చూస్తోంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. గట్టయ్య కూడా పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

"మన పిల్ల బాగా ఎగురుతోంది" అన్నాడు.

నీతి: కష్టంలో మనకి చోటిచ్చినవాళ్ళని, మనకి మంచి అవకాశం వచ్చిన రోజున మరిచిపోకూడదు, చేసిన మేలుకి మాటతోనూ, పనితోనూ కూడా కృతజ్ఞత చూపాలి.